నాలుగు శాతం: మన లెక్క మనమే చెప్పుకోవాలి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



పాతబస్తీలో, ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారి ముందు తెలుగులో మాట్లాడటమెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. కారణం చిన్నదే. రేపు మన పిల్లలు దరఖాస్తులు ఇచ్చుకోవలసింది తెలుగులో పని చేసే కచేరీలలో. మన మీద జరిగే చర్చ కూడా ఎక్కువగా తెలుగు పత్రికల్లో, తెలుగు సభల్లో జరుగుతున్నది. మన గురించి పక్కవారు మాట్లాడుకుంటుంటే మనం అర్థంకానట్టు కూర్చోవటం మర్యాద కాదు, తెలివీ కాదు.

ఈ రోజు మేము మాట్లాడదలచుకున్న విషయం నాలుగు శాతం రిజర్వేషను. దీన్ని గురించి ప్రతివారికీ ఒక అభిప్రాయమున్నది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒకరు పెంచుతామంటారు, ఒకరు తీసేస్తామంటారు. 2023లో చేవెళ్ళ సభలో కేంద్ర హోంమంత్రిగారు తమ పార్టీ అధికారంలోకి వస్తే దీన్ని రద్దు చేస్తామని చెప్పారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడుగారు దీన్ని కొనసాగిస్తామని చెప్పారు. ఇద్దరి మాటలకూ చప్పట్లు పడ్డాయి. కాని ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి వచ్చింది, ఏ దారం మీద వేలాడుతున్నది అని అడిగితే మన మొహల్లాలో పదిమందిలో ఇద్దరైనా చెప్పగలరా? అందుకని ముందు ఆ కథ చెప్పుకుందాం.

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. దేశాల వయస్సులో ఇది పెద్ద వయస్సేమీ కాదు. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో, అంటే అప్పటి కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా కలిసి ఉన్నచోట, కమ్యూనల్ జీ.వో. అని ఒకటి ఉండేది. 1927 నుండి ప్రతి 12 ఉద్యోగాలలో 2 ముస్లింలకు అని అందులో రాసుకున్నారు. రాజ్యాంగం వచ్చిన తరువాత ఆ పద్ధతిని 1951లో సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ కేసులో కొట్టివేసింది. వెంటనే పార్లమెంటు మొదటి సవరణ చేసి 15(4) అనే అధికరణ చేర్చింది. అప్పటి నుండి మాట మారింది. ఏ మతమని అడగటం పోయి, సామాజికంగా, విద్యాపరంగా ఎవరు వెనుకబడ్డారు అని అడగటం వచ్చింది. ఈ మార్పును మనం సరిగా పట్టించుకోలేదు. పట్టించుకున్నవారికి లాభం కలిగింది.

ఎవరికి అంటే, వినండి. అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించింది. అందులో ఎ గ్రూపులో మెహతర్లున్నారు. బి గ్రూపులో దూదేకులవారు, అంటే లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా సోదరులున్నారు. వీరు ముస్లింలే. దూది ఏకే వృత్తిని బట్టి, వారి చదువును బట్టి జాబితాలో చేరారు. ముస్లింలకు రిజర్వేషనా అని అప్పుడెవరూ వీధికెక్కలేదు. కాబట్టి ముస్లింలకు వాటా అనేది 2004లో కొత్తగా పుట్టిన వింత కాదు. వృత్తి పేరుతో అడిగినప్పుడు అది నిశ్శబ్దంగా వచ్చింది. మతం పేరుతో ఇవ్వబోయినప్పుడే కోర్టులో నిలువలేదు.

2004 జూలైలో ప్రభుత్వం మొత్తం ముస్లింలకు 5 శాతం అని జీ.వో. తీసింది. అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ముస్లింలకు ఇవ్వనేకూడదని కోర్టు అనలేదు. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను అడగకుండా ఇచ్చారు అన్నది. 2005లో ఆర్డినెన్సు, ఆ తరువాత చట్టం చేశారు. ఆ నవంబరులో అదీ పోయింది. అందరినీ ఒకే గంపలో వేసి వెనుకబడినవారని చెప్పటానికి తగిన కొలమానం చూపలేదన్నారు. పైగా లెక్క కూడా కుదరలేదు. అప్పుడు ఎ గ్రూపుకు 7, బి గ్రూపుకు 10, సి గ్రూపుకు 1, డి గ్రూపుకు 7, వెరసి బి.సి.లకు 25 శాతం. షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 6. మొత్తం 46. దీనికి 5 కలిపితే 51. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత 50 దగ్గర ఉన్నది. 5 పోయి 4 రావటానికి కారణం ఆ గీతే. 46కు 4 కలిపితే సరిగ్గా 50. ఇదీ ఈ నాలుగు పుట్టుక.

2007లో పి.ఎస్. కృష్ణన్ అనే విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారిని ప్రభుత్వం సలహాదారుగా పిలిచింది. ఆయన ముస్లిం కాదు. 1990లో మండల్ సిఫారసులు అమలైనప్పుడు కేంద్ర సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆయన ముస్లింలందరినీ వెనుకబడినవారని అనలేదు. ఎవరెవరు ఏ పని చేసి బతికారు, ఊరు వారిని ఎలా చూసింది అని విడివిడిగా చూశారు. బి.సి. కమిషన్ కూడా నివేదిక ఇచ్చింది. ఆ చట్టంలో ఇ గ్రూపు వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది అందులోని 14 వర్గాలకు.

ఆ జాబితాను ఒకసారి చదవండి సోదరులారా. అది సర్కారు కాగితమే కాని, మన తాతముత్తాతల బతుకు అందులో ఉన్నది. అత్తరు సాయిబులు. తురక చాకలివారు. బుడ్‌బుడ్కీ ఫకీర్లు, గంట ఫకీర్లు. గారడీ సాయిబులు, పాములవాళ్ళు. ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు, కీలుగుర్రాలవాళ్ళు. హజాం, నాయీలు. లబ్బీలు. ఖురేషీలు, ఖసాబులు. షేకులు. ఆఫ్రికా నుండి వచ్చిన పూర్వికుల సంతానమైన సిద్దీలు, హబ్షీలు. ఏ.సి. గార్డ్స్‌లో నైజాం ఫౌజు నాటి నుండి ఉన్న కుటుంబాలను మీరు చూసే ఉంటారు. ఇక అచ్చుకట్లవారు, తిరుగళ్ళకు, రోళ్ళకు కక్కు కొట్టే సాయిబులు. మిక్సీ వచ్చి ఆ చివరివారి పని పోయింది. సినిమా, టీ.వీ. వచ్చి గారడీవారి పని పోయింది. పని పోయింది కాని ఆ పేరు మీద పడ్డ చిన్నచూపు పోలేదు. ఈ చట్టం చెప్పిన మాట అంతే.

అదే విధంగా పది వర్గాలను పేరు పెట్టి బయట ఉంచారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, జమాయత్, నవాయత్. కాబట్టి బార్కస్‌లో ఒక అరబ్ ఇంటి పిల్లవానికి రాని పత్రం పక్క గల్లీలో ఖురేషీ ఇంటి పిల్లవానికి వస్తుంది. ఇద్దరూ ఒకే మసీదులో నమాజు చేస్తారు, ఒకే కాలేజీకి పోతారు. ఇది న్యాయమా అని మమ్మల్ని అడిగినవారున్నారు. దానికి తరువాత వస్తాం.

2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం ఈ చట్టాన్ని కూడా మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. సర్వే తొందరగా, చాలీచాలకుండా చేశారన్నది ముఖ్యమైన ఆక్షేపణలలో ఒకటి. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, ఆ 14 వర్గాలకు నాలుగు శాతం సాగనిచ్చింది. విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. అప్పటి నుండి మన పిల్లలు డాక్టర్లయినా, ఇంజనీర్లయినా, టీచర్లయినా ఆ మధ్యంతర ఉత్తర్వు మీదనే అయ్యారు. మన ఇల్లు కట్టి పదిహేనేళ్ళు దాటింది, కాని పట్టా ఇంకా చేతికి రాలేదన్నమాట.

ఇంతవరకు కథ. ఇక దీని మీద మన ఇళ్ళలో, మన చాయ్ హోటళ్ళలో జరిగే వాదాలకు వద్దాం.

మొదటి వాదం, ఇస్లాంలో కులం లేదు, మనమెందుకు కులం రాయించుకోవాలి అని. ధర్మం ప్రకారం ఆ మాట అక్షరాలా నిజం. ప్రవక్త (స) వారు తమ ఆఖరి హజ్ ప్రసంగంలో అరబ్బుకు అరబ్బేతరుని మీద ఆధిక్యత లేదని బోధించారు. మసీదు వరుసలో ఎవరి భుజం ఎవరి భుజానికి తగులుతుందో మనం చూడం. కాని మసీదు మెట్లు దిగిన తరువాత ఏం జరుగుతున్నది? పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు వీళ్ళు ఏ ఖాన్‌దాన్ అని ముందుగా అడిగేదెవరు? హజాం ఇంటి పిల్ల ఎంత చదివినా ఆ మాట ఎత్తి వెనక్కి పోయినవారు మన మధ్య లేరా? ఇంటి లోపల కులం చూసి, సర్వే గుమాస్తా వచ్చినప్పుడు మాత్రం మాకు కులం లేదని చెప్పటం ధర్మం కాదు. వివక్ష చేసిన చేతితోనే దానికి రావలసిన పరిహారాన్ని కూడా ఆపినట్టు అవుతుంది. కులం పోగొట్టాలంటే ముందు సంబంధాల దగ్గర పోగొట్టండి. కాగితం దగ్గర పోగొడితే నష్టపోయేది బీదవాడే.

రెండవ వాదం, సయ్యద్, పఠాన్ ఇళ్ళలో బీదలు లేరా అని. ఉన్నారు. పురానాపూల్ నుండి చంద్రాయణగుట్ట దాకా ఆటో నడుపుతున్న ఎంతమంది పేర్లలో సయ్యద్, ఖాన్ ఉన్నాయో మనకు తెలుసు. వారికి ఇ గ్రూపు లేదు. కాని 2019లో 103వ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీనులైన ఇతర వర్గాలకు 10 శాతం వచ్చింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని మెజారిటీతో సమర్థించింది. దానికి మతంతో నిమిత్తం లేదు. ఏ రిజర్వేషనూ లేని కుటుంబానికి ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తి షరతులు సరిపోతే అడగవచ్చు. మన సంఘానికి వచ్చే పిల్లల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. జాబితాలో లేనందుకు కోపగించుకోవటం కంటే ఉన్న తలుపు తట్టటం మేలు.

మూడవ వాదం బయటినుండి వస్తుంది. ముస్లింలు హిందూ బి.సి.ల వాటా తింటున్నారని. చదువుల్లో, ఉద్యోగాల్లో ఇది నిజం కాదు. ఎ, బి, సి, డి గ్రూపుల 25 శాతంలో ఇ గ్రూపు ఒక్క సీటు కూడా తీసుకోలేదు. అది విడిగా ఉన్న నాలుగు. ఇది మనం పోట్లాడకుండా, లెక్క చూపి చెప్పాలి. కాని మునిసిపల్ ఎన్నికల విషయం వేరు. అక్కడ బి.సి. స్థానమంటే అన్ని గ్రూపులకూ కలిపే. మా సీటు మీవారు గెలిచారని పక్కింటి బి.సి. సోదరుడు అన్నప్పుడు ఆయనను మతద్వేషి అని తిట్టి పంపకూడదు. ఆయన కూడా మనలాగే లెక్క అడుగుతున్నాడు. చాకలి, మంగలి, దూదేకుల, తురక చాకలి, హజాం ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకోదగినవారు. ఆ చాప వేయటం మన పని.

నాలుగవ వాదం, ఇదంతా ఎందుకు, సర్కారు ఉద్యోగాలే లేవు కదా అని. వందలో నాలుగు చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాం. కాని 2006లో సచార్ కమిటీ చూపిన లెక్కలు గుర్తు చేసుకోండి. 2001 నాటికి దేశంలో అక్షరాస్యత 65.1 శాతమైతే ముస్లింలలో 59.1. ఐ.ఎ.ఎస్.లో మనవారు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. చిన్న సంఖ్య కూడా లేనిచోట నాలుగు చిన్నది కాదు. ఒక మెడికల్ కాలేజీలో వంద సీట్లుంటే నాలుగు. ఆ నలుగురిలో ఒక ఆడపిల్ల మన గల్లీకి డాక్టరుగా తిరిగి వస్తే, ఆ గల్లీలో ఎన్ని ఇళ్ళు తమ ఆడపిల్లలను ఇంటర్ తరువాత ఆపకుండా ఉంటాయో ఆలోచించండి.

ఇప్పుడు అసలు మాట. ఈ మూడు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పాఠం కనబడుతుంది. ప్రజాస్వామ్యంలో గొంతు కంటే గణాంకం గట్టిది. 2004లో కమిషన్ లేదు. 2005లో కొలమానం లేదు. 2010లో సర్వే చాలలేదు. మూడుసార్లూ మనం ఓడింది లెక్క దగ్గరే. 2016లో సుధీర్ కమిషన్ తెలంగాణ ముస్లింల స్థితి మీద నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ వాటాను 12 శాతానికి పెంచుతూ బిల్లు చేసింది. కేంద్రం ఆమోదం రాలేదు. 2024 నవంబరులో రాష్ట్రం ఇంటింటి కులసర్వే చేసింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఫలితాల ప్రకారం జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బి.సి. ముస్లింలు 10.08 శాతం. అంటే నాలుగు శాతం అడిగేవారి సంఖ్య నాలుగు కాదు, పది. 2025 మార్చిలో బి.సి.లకు 42 శాతం అని బిల్లులు వచ్చాయి. స్థానిక ఎన్నికల కోసం ఇచ్చిన జీ.వో. మీద అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. యాభై గీత మళ్ళీ ఎదురుపడింది. రేపు ఆ గీతను దాటాలన్నా, ఉన్నదాన్ని నిలుపుకోవాలన్నా కోర్టు అడిగేది ఒకటే, మీ ఆధారమేది అని.

ఆ సర్వేకు మన బస్తీలలో జరిగిన ఆదరణ గురించి దాచకుండా చెప్పుకోవాలి. కొన్ని ఇళ్ళలో తలుపు తీయలేదు. కొందరు భయపడ్డారు. 2019 నుండి దేశంలో కాగితాల గురించి నడిచిన చర్చ వల్ల ఎవరు వచ్చి పేరడిగినా గుండె దడదడలాడే స్థితి వచ్చింది. ఆ భయాన్ని మేము తప్పు పట్టం. కొందరు కులం దగ్గర ముస్లిం అని మాత్రం రాయించి ఊరుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద మిగిలిపోయిన కుటుంబాలకు 2025 ఫిబ్రవరి 16 నుండి 28 వరకు మరొక అవకాశం ఇవ్వవలసి వచ్చింది.

ఈ సందర్భంలో ఒక పాత ముచ్చట. స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఉత్తర భారతంలో చాలామంది స్త్రీలు ఓటరు జాబితా రాసేవారికి తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్యను, ఫలానావాని బిడ్డను అన్నారు. పరాయివానికి పేరు చెప్పటం సిగ్గు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్‌గారు పేరు లేకుండా ఓటు లేదన్నారు. దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితా నుండి పోయాయి. వారు ఎవరికీ చెడు చేయలేదు, ఎవరూ వారిని తరిమివేయలేదు. పేరు చెప్పనందుకు లెక్కలోంచి జారిపోయారు. తరువాతి ఎన్నికలకు వారే పేరు చెప్పటం నేర్చుకున్నారు. మనం కూడా మన వృత్తి పేరు, వర్గం పేరు సిగ్గు లేకుండా చెప్పటం నేర్చుకోవాలి.

ఎందుకంటే పెద్ద లెక్క ముందున్నది. 1931 తరువాత దేశమంతటా అన్ని కులాలనూ లెక్కించిన జనాభా గణన లేదు. కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న కులగణనతో కూడిన జనాభా లెక్కలకు గెజిట్ ప్రకటన ఇచ్చింది. దానికి ఆధార తేదీ 2027 మార్చి 1. ఆ కాగితం మీద పడిన మాటే రాబోయే ముప్పయ్యేళ్ళ వాదాలకు సాక్ష్యమవుతుంది.

అందువల్ల సంఘ సభ్యులకు మేము చేసే మనవి నాలుగు మాటలు. నాలుగు శాతానికి నాలుగు మాటలే చాలు.

ఒకటి, పిల్లవాణ్ణి బడిలో చేర్పించేటప్పుడే కులం గడిలో ముస్లిం అని వదిలివేయకండి. మీ వర్గం పేరు సరిగా, తండ్రి కాగితాలలో ఉన్నట్టే రాయించండి. ఇంటర్ తరువాత కౌన్సెలింగు ముందు రోజు పరుగెత్తి వచ్చే తండ్రులను మేము ప్రతి ఏడూ చూస్తున్నాం. బడి కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే తహసీల్దారు కచేరీలో అడిగిన ప్రశ్నకు ఏమి జవాబు చెబుతారు?

రెండు, జాబితాలో లేని ఇళ్ళవారు ఉన్నట్టు కాగితం పుట్టించుకోకండి. సయ్యద్ ఇంటివారు షేక్ అని రాయించుకుంటే అది బీద షేకు బిడ్డ సీటు తీసుకోవటమే. పైగా ఒక దొంగ పత్రం పట్టుబడితే వంద నిజమైన పత్రాల మీద అనుమానం వస్తుంది.

మూడు, రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఒకదానిలో ఉన్నంత మాత్రాన రెండవదానిలో ఉన్నట్టు కాదు. రైల్వేకో బ్యాంకుకో దరఖాస్తు పెట్టేముందు అడిగి తెలుసుకోండి.

నాలుగు, గణనకు వచ్చే మనిషి టీచరో, అంగన్‌వాడీ చెల్లెలో అయి ఉంటుంది. ఆమెకు ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ, పనీ, చదువూ, వర్గమూ చెప్పండి. ఆడవాళ్ళ పేర్లు, వారు ఇంట్లో కూర్చుని చేసే జర్దోజీ, గాజుల పని కూడా చెప్పండి. మా ఆడవాళ్ళు ఏ పనీ చేయరని చెప్పే పెద్దమనుషుల ఇంట్లోనే రాత్రి పన్నెండు గంటలకు కుందన్ అతికే చేతులుంటాయి.

రేపు రాజ్యాంగ ధర్మాసనం ఏ తీర్పు ఇస్తుందో అల్లాహ్‌కు తెలుసు. తీర్పు మన చేతిలో లేదు. సాక్ష్యం మన చేతిలో ఉన్నది. తిరుగలికి కక్కు కొట్టిన తాత పేరు చెప్పటానికి మనవడు సిగ్గుపడకూడదు. ఆ తాత చేతి కష్టంతోనే ఎన్నో ఇళ్ళలో పిండి తయారయింది, ఎన్నో ఇళ్ళలో రొట్టె కాలింది. ఆ పేరు కాగితం మీద రాయించి, మనవరాలిని చదివించండి.